ప్రశ్నకే పరీక్ష

కొత్తవలస నుంచి అరకు మీదుగా వెళ్ళే కేకే రైల్వే లైను ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్‌తో ఆగిపోతుంది. బైలాడిలా ఇనుప ఖనిజం అక్కడ రైలెక్కి విశాఖ రేవుకు చేరుతుంది. ఇంట్లో గోండీ, హల్బీ, తెలుగు మాట్లాడే పిల్లలు అక్కడ హిందీలో పరీక్ష రాస్తారు. లెక్కల ప్రశ్న వ్యాగన్ల గురించి అయితే అందరికీ కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. మెట్రో స్మార్ట్‌కార్డు రాయితీ గురించి అయితే లెక్క వచ్చిన పిల్ల కూడా తడబడుతుంది. తప్పు పిల్లదా, ప్రశ్నదా?

ఇది తేల్చే పద్ధతి తేలిగ్గా రాలేదు. అమెరికాలో గోల్డెన్ రూల్ అనే బీమా సంస్థ ఏజెంట్ల లైసెన్సు పరీక్షపై 1976లో కోర్టుకెక్కింది. 1984లో రాజీ కుదిరింది: నల్లజాతివారికీ తెల్లవారికీ మధ్య సరైన జవాబుల తేడా తక్కువున్న ప్రశ్నలకే ముందు చోటివ్వాలి. ఉద్దేశం మంచిదే, కొలత సరికాదు. చదువుకునే అవకాశం దక్కనివారికి నిఖార్సయిన ప్రశ్న కూడా కష్టమే. అలాంటి ప్రశ్నను తీసేస్తే అన్యాయం పోదు, కంటికి కనబడదు, అంతే.

సరైన దారి వైద్య గణాంకాల్లో దొరికింది. రోగ కారణాలు వెతకడానికి నేథన్ మాంటెల్, విలియం హేన్‌జెల్ 1959లో ఒక సూత్రం ప్రకటించారు. ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్‌లో పాల్ హాలండ్, డొరొతీ థేయర్ దాన్ని ప్రశ్నల మీద ప్రయోగించి 1988లో పుస్తకంలో వివరించారు. కీలకం ఒక్కటే: మొత్తం మార్కులు సమానంగా వచ్చినవారినే పోల్చాలి. 30 మార్కుల దగ్గర హిందీ ఇళ్ళ పిల్లలు 100 మందిలో 70 మంది, గోండీ ఇళ్ళ పిల్లలు 100 మందిలో 40 మంది మెట్రో లెక్క సరిగా చేశారనుకుందాం. ఒప్పుకూ తప్పుకూ ఉన్న నిష్పత్తి మొదటివారిలో 70/30, రెండోవారిలో 40/60. అంటే మూడున్నర రెట్ల తేడా. ప్రతి మార్కు దగ్గరా ఇలాగే లెక్కగట్టి కలిపితే ప్రశ్న దొరికిపోతుంది.

అయితే సూత్రం దొంగను చూపిస్తుందే గానీ కారణం చెప్పదు. సందర్భమా, వాక్యమా, అనువాదమా అన్నది పిల్లల భాష తెలిసిన టీచర్లు కూర్చుని తేల్చాలి. 2018లో వైద్య ప్రవేశ పరీక్ష నీట్ తమిళ పత్రంలో 49 ప్రశ్నల అనువాదంపై వివాదం మద్రాసు హైకోర్టుకెక్కింది. 196 మార్కులు కలపమన్న ఆ తీర్పును సుప్రీంకోర్టు కొట్టేసింది. అనువాద పరిశీలన జరగాల్సింది కోర్టుల్లో కాదు, ఫలితాలకు ముందే. ఇంటి భాష, మాధ్యమం వారీగా ప్రతి ప్రశ్ననూ ఇలా వడగట్టి, ఆ లెక్కలు బయటపెట్టమని మన పరీక్షా బోర్డులను తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ గట్టిగా అడగాలి.