మానిన తర్వాతి నెలలు: హైదరాబాద్‌లో మత్తు చికిత్స చరిత్ర

హైదరాబాద్‌లో మత్తు వ్యసనానికి వైద్యం చాలాకాలం మాన్పించడం దగ్గరే ఆగిపోయింది. మానినవాళ్లు తిరిగి గ్లాసు పట్టకుండా కాపాడుకునే భారమంతా ఇంటివాళ్ల మీద పడింది. వైద్యులు రిలాప్స్ అనే ఈ తిరోగమనాన్ని ఊరు చాలాసార్లు చూసింది గానీ, దానికంటూ ఒక వైద్యం ఉందని ఆలస్యంగా గుర్తించింది.

ఎర్రగడ్డ మానసిక వైద్యశాల మూలాలు నిజాం కాలపు జైలులో ఉన్నాయి. అక్కడి నుంచి జాల్నాకు మారి, 1953లో ఎర్రగడ్డకు చేరింది. జనం నోట అది పిచ్చాసుపత్రి. ఆ పేరు వల్ల తాగుడు మానాలనుకున్నవాళ్లు కూడా గేటు దాటడానికి వెనకాడేవారు. వచ్చినవాళ్లకు ప్రధానంగా అందింది తాగుడు ఆపిన తొలి రోజుల వైద్యం. ఏళ్ల తరబడి మద్యానికి అలవాటుపడిన మెదడుకు ఒక్కసారిగా అది అందకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు కొందరు లేనివి చూస్తూ, దగ్గరివాళ్లను గుర్తుపట్టలేని స్థితికి చేరతారు. ఇది ప్రాణాంతకం కావచ్చు. డయాజిపామ్ వంటి మాత్రలను క్రమంగా తగ్గిస్తూ, బి1 విటమిన్ ఇస్తూ ఈ గండం దాటించవచ్చు. గండం గడిచాక మనిషి ఇంటికి వెళ్తాడు. తిరోగమనం ముప్పు అసలు మొదలయ్యేది అక్కడే.

అదే 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వచ్చిన 'దేవదాసు'ను తెలుగువాళ్లు విఫల ప్రేమకథగా గుర్తుపెట్టుకున్నారు. అందులో తిరోగమనం ఎలా జరుగుతుందో చూపే ఘట్టం ఒకటుంది. ఆరోగ్యం చెడిన దేవదాసు నౌకరు ధర్మన్నను వెంటబెట్టుకుని రైలెక్కుతాడు. దారిలో పాత మిత్రుడు భగవాన్ కలిసి తాగమని బలవంతపెడతాడు. పాత స్నేహం, ప్రయాణపు ఒంటరితనం, ఒక్క గ్లాసేగా అన్న మాట... ఇవి సరిపోయాయి. మంచి కోరే మనిషి పక్కనే ఉన్నా ఆపలేకపోతాడు. ముప్పై రెండేళ్ల తర్వాత, 1985లో, అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లాట్, జుడిత్ గార్డన్‌తో కలిసి తిరోగమన నివారణపై పుస్తకం వెలువరించారు. మార్లాట్ పరిశోధనల్లో దిగులు, కోపం వంటి చేదు భావాలు, మనుషులతో తగాదాలు, తోటివాళ్ల ఒత్తిడి అన్న మూడే దాదాపు నాలుగింట మూడు వంతుల తిరోగమనాలకు కారణంగా కనిపించాయి. ఆ రైలు పెట్టెలో దేవదాసు మీద పనిచేసినవి ఇలాంటివే.

ఆ పాత్ర పోషించిన అక్కినేని నాగేశ్వరరావు 1976లో జూబ్లీహిల్స్ సమీపంలో అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించారు. సినీ పరిశ్రమ మద్రాసు నుంచి తరలివచ్చేకొద్దీ అక్కడి రాళ్ల గుట్టలు ఫిల్మ్‌నగర్ అయ్యాయి. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, డ్రైవర్లు పక్కనున్న కృష్ణానగర్ గదుల్లో సర్దుకున్నారు. బేటా అనే దినభత్యం మీద బతికే పనిలో వేళకు తిండి ఉండదు, రాత్రి షూటింగులతో నిద్ర ఉండదు, సినిమాకూ సినిమాకూ మధ్య ఖాళీ రోజులు ఎన్నో తెలియదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ సభ్యులు ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట అనే నాలుగింటి విషయంలో జాగ్రత్తగా ఉండాలంటారు. ఈ నాలుగూ ఒకే రోజున ఎదురయ్యే జీవితాలు కృష్ణానగర్‌లో చాలానే ఉన్నాయి. మళ్లీ తాగితే వాళ్లను బలహీనులని తిట్టడం అన్యాయం.

ప్రభుత్వం వైపు నుంచి అప్పట్లో ప్రధాన మార్గం సరఫరా ఆపడమే అయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. ఎన్నో ఇళ్లకు ఊపిరి పోసిన ఆ ఉద్యమం గొప్పదే. లోటల్లా ఆ స్థాయిలో చికిత్స ఏర్పాట్లు దానికి తోడు రాకపోవడం.

ఆ లోటు ఎంత ప్రమాదకరమో 2015లో తెలంగాణ చూసింది. క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, ఆల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లుపై అధికారులు ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. కల్లు దొరకని నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల కూలీలు వణుకుతూ, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో ఆసుపత్రులకు చేరారు. వాళ్ల శరీరాలు తమకు తెలియకుండానే మాత్రలకు బానిసలయ్యాయి. ఆల్ప్రాజోలం ప్రభావం త్వరగా దిగిపోతుంది, అందుకే హఠాత్తుగా ఆపితే దెబ్బ తీవ్రంగా ఉంటుంది. ఆ బాధకు దొరికే తక్షణ ఉపశమనం మళ్లీ అదే కల్లు. దాని కోసం మళ్లీ వెళ్తే అది మనోబలం లోపం కాదు, వైద్యం అందని శరీరం చేసిన పని. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్ షాపులు మూతపడగానే ఎర్రగడ్డ ఓపీ ముందు అవే వణుకులు కనిపించాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది.

మత్తుమందుల విషయంలో నగరం దృష్టి పోలీసు కేసుల మీదే ఎక్కువ. 2017లో ఎక్సైజ్ సిట్ సినీరంగంలో పలువురిని విచారణకు పిలిచినప్పుడు వారాల తరబడి పేర్ల చర్చే సాగింది. 1985 నాటి మత్తుమందుల నియంత్రణ చట్టం ఎన్‌డీపీఎస్‌లోని 64ఏ సెక్షన్ గురించి అంతగా మాట్లాడుకోలేదు. కొద్ది పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన చోట చికిత్సకు సిద్ధపడితే, ప్రాసిక్యూషన్ నుంచి ఆ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ ఉపసంహరించవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది.

చికిత్సలో నేడు వాడే ఉపకరణాలు వేర్వేరు కాలాల్లో వచ్చి చేరాయి. 1948లో డెన్మార్క్ పరిశోధకులు వెలుగులోకి తెచ్చిన డైసల్ఫిరామ్ వేసుకున్నవాళ్లు తాగితే ముఖం ఎర్రబారి, గుండె దడ, వాంతులు వస్తాయి. తెలియకుండా కూరలో కలిపి పెడితే ప్రమాదం. రోగి ఒప్పుకుని, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి. తాగాలన్న తహతహను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ తర్వాత వచ్చాయి. మార్లాట్ పద్ధతి మందులతో పాటు నడుస్తుంది. ఏ వేళ, ఏ చోట, ఎవరితో ఉంటే ముప్పో రోగే గుర్తించి, ఏమని తప్పుకోవాలో ముందే సాధన చేస్తాడు. ఒకసారి జారడానికీ పూర్తిగా పడిపోవడానికీ మార్లాట్ తేడా చూపారు. ఒక గ్లాసు తాగినవాడు "ఇక అంతా పోయింది" అనుకుంటే సిగ్గుతోనే సీసా ఖాళీ చేస్తాడు. మర్నాడే కౌన్సెలర్‌కు చెప్పగలిగితే కోలుకోవడం కొనసాగుతుంది. హెరాయిన్ వంటివి మానినవాళ్లకు మరో ప్రమాదం ఉంది. తట్టుకునే శక్తి తగ్గిపోయి ఉంటుంది కాబట్టి పాత మోతాదే ప్రాణం తీయవచ్చు.

అమెరికా జాతీయ మాదకద్రవ్య దుర్వినియోగ సంస్థ చెప్పే 40 నుంచి 60 శాతం తిరోగమనం రేటు అధిక రక్తపోటు, ఆస్తమా రోగులు మళ్లీ లక్షణాలకు లోనయ్యే రేటుకు దగ్గరగా ఉంటుంది. బీపీ మళ్లీ పెరిగినవాళ్లను ఎవరూ గదమాయించరు, మందు మారుస్తారు. 2019లో కేంద్రం వెలువరించిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. డిశ్చార్జి తర్వాత నెలల తరబడి సాగాల్సిన రాకపోకలు, మందుల మార్పులు, కౌన్సెలింగు మిగిలిన 37 మంది విషయంలో మొదలే కాలేదు. దారి తెలియని కుటుంబాలకు కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446 ఉంది.