ఎల్ సిడ్ వంశం: కూతురు నిలబెట్టిన ఇంటిపేరు

మన సభ్యులలో కొందరు "ఎల్ సిడ్" అనే ఇంగ్లీషు సినిమా చూసే ఉంటారు. 1961లో వచ్చింది. చార్ల్టన్ హెస్టన్, సోఫియా లోరెన్ నటించారు. ఆ వీరుడు కల్పిత పాత్ర కాదు. పదకొండవ శతాబ్దంలో స్పెయిన్‌లో నిజంగా జీవించిన రోడ్రిగో దియాజ్. అరబ్బీలో ప్రభువు అనే అర్థం గల "సయ్యిద్" నుండి "సిడ్" అనే బిరుదు వచ్చింది. ఆయన యుద్ధాలు సినిమాలో కావలసినన్ని ఉన్నాయి కనుక, ఇక్కడ కుటుంబం సంగతి మాత్రమే రాస్తున్నాను.

వారిది కాస్టీల్ రాజ్యంలో బుర్గోస్ దగ్గర వివార్ గ్రామం. తండ్రి దియేగో లైనెజ్ యోధుడే గాని, మొదటి వరుస ప్రభువు కాడు. లైన్ కాల్వో అనే ప్రాచీన న్యాయాధిపతి తమ మూలపురుషుడని తరువాత వంశావళి రాశారు. చరిత్రకారులు దానిని కట్టుకథగానే చూస్తారు. మనిషి పైకి వచ్చాక గొప్ప తాతముత్తాతలు దొరకడం ఏ దేశంలోనైనా ఉన్నదే!

భార్య హిమేనా పెద్దింటి ఆడపడుచు, రాజు ఆరవ అల్ఫాన్సోకు బంధువు. ఆ రాజే 1081లో రోడ్రిగోను దేశం నుండి వెళ్ళగొట్టాడు. ఆయన 1094లో వలెన్సియా నగరాన్ని గెలిచి, తానే పాలకుడయ్యాడు. ఒక కొడుకు దియేగో, ఇద్దరు కూతుళ్ళు క్రిస్టినా, మరియా. తండ్రిని వెళ్ళగొట్టిన రాజు పక్షాననే పోరాడి, 1097లో కొన్సుయేగ్రా యుద్ధంలో దియేగో చనిపోయాడు. అతనికి సంతానం లేదు. రెండేళ్ళకు, 1099లో, తండ్రీ పోయాడు.

హిమేనా మూడేళ్ళపాటు వలెన్సియాను కాపాడుకుంది. చివరికి 1102లో నగరం విడిచి, భర్త భౌతికకాయాన్ని వెంట తీసుకుని కాస్టీల్ చేరింది. సినిమాలో ఈ మూడేళ్ళకు చోటు లేదు. నాకైతే ఆయన విజయాలకంటె ఇదే పెద్ద కథ అనిపిస్తుంది. 1921 నుండి దంపతులిద్దరి అస్థికలు బుర్గోస్ కెథెడ్రల్‌లో ఒకేచోట ఉన్నాయి.

వంశోద్ధారకుడు పోయాడు గదా, ఇక వంశం ఏమయింది? మరియా బార్సిలోనా ప్రభువును పెళ్ళాడింది. క్రిస్టినా నవార్ రాజవంశీయుడైన రామిరోను చేసుకుంది. ఆమె కొడుకు గార్సియా 1134లో నవార్‌కు రాజయ్యాడు. గార్సియా కూతురు బ్లాంకా కాస్టీల్ ఇంటికి కోడలై వెళ్ళింది. ఆమె కొడుకే 1212లో నవాస్ దె తోలోసా యుద్ధం గెలిచిన ఎనిమిదవ అల్ఫాన్సో. ముత్తవ్వ తండ్రిని తరిమివేసిన సింహాసనం మీదనే ఆయన కూర్చున్నాడు. అల్ఫాన్సో మునిమనుమరాలు ఎలియనోర్ 1254లో ఇంగ్లండు యువరాజు ఎడ్వర్డును వివాహమాడింది. ఆ తరువాతి ఇంగ్లండు రాజులందరూ ఆ దంపతుల సంతతివారే. మీ ఇంట్లో పాత పెట్టె అడుగున ఆరవ జార్జి బొమ్మ ఉన్న రూపాయి బిళ్ళ ఉంటే తీసి చూడండి. అందులో ఉన్నది క్రిస్టినా వంశీకుడే.