గొఱ్ఱెల మందా, పాడి ఆవా?

కురబలకోట పేరులోనే కురబలున్నారు. గొఱ్ఱెలను మేపి, ఉన్నితో కంబళ్లు నేసి బ్రతికిన వారు వీరు. మదనపల్లె సీమలో వానలు తక్కువ, బీళ్లు ఎక్కువ. అట్టి నేలకు గొఱ్ఱె తగినది. మేత ఉన్నచోటికి తానే నడచిపోతుంది. కోత ముగిసిన చేలలో రాత్రివేళ మంద కట్టితే చేనికి ఎరువు, కాపరికి గింజలు లభించేవి. కరవు వచ్చినపుడు రెండు పొట్టేళ్లను అమ్మి కుటుంబం గడుపుకొనేది.

ఆవు ఈ సీమకు క్రొత్తది కాదు. పొరుగున పుంగనూరు పొట్టి ఆవు చిక్కని పాలకు ప్రసిద్ధమే. కాని అది ఇంటి పాడి. పాలు అమ్మి జీవించవచ్చునన్న ఆలోచన 1970లో ఆరంభమైన క్షీరవిప్లవంతో దేశమంతటా బలపడినది. జెర్సీ సంకరజాతి ఆవులు చిత్తూరు పల్లెలకు వచ్చినవి. పొట్టేళ్లు అమ్మినపుడే కనబడే సొమ్ము, పాలతో పక్షానికొకసారి చేతికి రాసాగినది. మంద వెంట తిరుగవలసిన పిల్లవాడు బడికి పోగలిగాడు.

అయితే ఆవు మేతను వెదకుకొంటూ ఊళ్లు దాటిపోలేదు. నీరు, పచ్చిగడ్డి కొట్టానికే రావాలి. బోరు ఎండిన ఏడు ఆవును తెగనమ్మక తప్పదు. పాలు రేపటిదాక నిలువవు గనుక కొనేవాడు కూడ నమ్మకమైనవాడు కావాలి. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడినపుడు ఆ సంగతి రైతులకు తెలిసివచ్చినది.

కాబట్టి మందను అమ్మదలచిన కాపరి పాలధరకంటె ముందు తన బావి నీటిని లెక్కించుకోవాలి. నీరు చాలినంత ఉన్నా, కొన్ని గొఱ్ఱెలను నిలుపుకొని ఆవును కట్టుకొనుట మేలని మా అభిప్రాయం.