వేలికొన నుండి నానోపోగు దాకా: కొత్తపేట నేపథ్యంలో స్పర్శమాపన చరిత్ర

1. ఉపోద్ఘాతం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల మధ్యనున్న కొత్తపేటలో 1986 నుండి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నడిచింది. అంతకుముందు మొజంజాహీ మార్కెట్‌లో సాగిన పండ్ల వ్యాపారమే ఇక్కడికి తరలివచ్చింది. 2021లో మార్కెట్ బాటసింగారానికి మారగా, 2022 ఏప్రిల్ 26న అదే స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. మామిడిపండును నొక్కి పక్వతను నిర్ణయించిన చోటనే, రోగి దేహాన్ని తాకి వ్యాధిని గుర్తించే వృత్తికి పునాది పడింది. ఈ రెండింటికీ సాధనం వేలికొనే. ఆ వేలి నేర్పును యంత్రానికి అందించే యత్నంలో ఎదురైన ప్రధాన సమస్యను, దాని పరిష్కారంలో కార్బన్ నానోపదార్థాల పాత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నమోదు కాని జ్ఞానం

కార్బైడుతో మగ్గబెట్టిన మామిడికాయ పైకి పసుపుపచ్చగా కనిపించినా లోపల గట్టిగా ఉండవచ్చు. కన్ను మోసపోయిన చోట వేలు నిజం చెబుతుంది. ఆయుర్వేదంలోని నాడీపరీక్ష కూడా ఇటువంటిదే. వైద్యుడు మూడు వేళ్లతో వాత, పిత్త, కఫ గతులను గుర్తిస్తాడు. గ్రంథం లక్షణాలను వర్ణించగలదు కాని, వేలికి తెలిసిన ఒత్తిడిని యథాతథంగా భద్రపరచలేదు. అందువల్ల ఈ విద్య గురుశిష్య పరంపరలోనూ, వృత్తి అనుభవంలోనూ మాత్రమే నిలిచింది.

3. వంపు – ఒత్తిడి

వేలికి తొడిగే సెన్సర్ పలుచగా ఉండాలి, వంగాలి. కాని వంగినప్పుడు సెన్సర్ కూడా సాగి, వంపునే ఒత్తిడిగా చూపుతుంది. అసలు చిక్కు ఇదే. 1991లో సుమియో ఇజిమా కార్బన్ నానోనాళికలను వెల్లడించాడు. 2004లో గైమ్, నొవొసెలోవ్‌లు ఒక్క పరమాణువు మందం గల గ్రాఫీన్‌ను వేరుచేశారు. విద్యుత్తును ప్రవహింపజేసే ఈ రెండింటినీ సాగే పాలిమర్‌తో కలిపి, విద్యుత్ క్షేత్రంతో సన్నని పోగులుగా లాగి, టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన తకావో సొమెయా బృందం 2016లో పారదర్శకమైన ఒత్తిడి సెన్సర్‌ను ప్రకటించింది. పోగుల వ్యాసం 300 నుండి 700 నానోమీటర్లు, సెన్సర్ మందం సుమారు 8 మైక్రోమీటర్లు. అది ఒకేసారి 144 బిందువుల్లో ఒత్తిడిని కొలిచింది. వంగినప్పుడు చిక్కుపడిన పోగులు తమ దిశ మార్చుకొని సర్దుకొంటాయి. అందువల్ల ఒక్కొక్క పోగుపై పడే సాగుదల తగ్గి, నొక్కుడు మాత్రమే నమోదవుతుంది. రొమ్ములోని గడ్డలను చేతితో పరీక్షించే వైద్యుల చేతితొడుగుల్లో దీనిని వాడవచ్చునని పరిశోధకులు సూచించారు.

4. హైదరాబాదు సందర్భం

ఎల్.బి.నగర్‌కు సమీపంలోని బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐలో కార్బన్ పదార్థాలకు ప్రత్యేక కేంద్రం ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో కాగితం వంటి చౌక ఆధారాలపై వంగే సెన్సర్లను రూపొందించే పరిశోధన సాగింది. సాంకేతిక పరిజ్ఞానం ఈ నగరానికి దూరపు వస్తువు కాదు.

5. ముగింపు

సెన్సర్ ఒత్తిడిని అంకెగా మార్చగలదు. అయితే ఏ అంకె పక్వతకు గుర్తు, ఏది గడ్డకు గుర్తు అన్నది ముందుగా అనుభవజ్ఞుల వేళ్లే చెప్పాలి. వైద్యుని వేలికి పాఠ్యగ్రంథాల్లో చోటు దొరికింది. కొత్తపేటలో పండ్లు ఏరిన వ్యాపారుల, కూలీల వేలికి ఆ చోటు దక్కలేదు. మార్కెట్ తరలిపోయింది. ఆ తరం ఉండగానే వారి పదజాలాన్ని, పద్ధతులను సేకరించడం తెలుగు వృత్తిపద పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.