తెలిసిన తరువాత

ఆ రోజుల్లో యూజీన్ ఇజాయ్ ఐరోపా ఫిడేలు విద్వాంసులందరికీ పెద్దదిక్కు. బ్రసెల్స్‌లోని ఆయన ఇంటికి ఒక తల్లి తన పదేళ్ళ కొడుకుని తీసుకువెళ్ళింది. పిల్లవాడు లాలో రాసిన సింఫొనీ ఎస్పాన్యోల్ వాయించాడు. పెద్దాయన మెచ్చుకున్నాడు. అంతటితో పంపించెయ్యకుండా, ఏ మేజర్‌లో నాలుగు స్థాయిల ఆర్పెజియో ఒకటి వాయించమన్నాడు. మన సంగీత పాఠంలో సరళీ స్వరాలు, జంట స్వరాలు ఎలాంటివో వాళ్ళకు అది అలాంటిది. కృతి నేర్చినవాడికి దానితో ఇబ్బంది ఉండకూడదు. లాలోను అవలీలగా పలికించిన వేళ్ళు అక్కడ దారి తెలియక తడుముకున్నాయి. సాధకం చెయ్యి నాయనా, నీకు మేలు జరుగుతుందని ఇజాయ్ హితవు చెప్పాడు. పిల్లవాడికి ఆ ఇల్లూ నచ్చలేదు, ఆ మాటా నచ్చలేదు. పారిస్ వెళ్ళి జార్జ్ ఎనెస్కోకి శిష్యుడయ్యాడు.

ఆ పిల్లవాడు యెహూదీ మెనూహిన్. ఇజాయ్ ఇంట్లో జరిగిన సంగతిని ఎవరో పుట్టించలేదు, పెద్దయ్యాక ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు. ఎనెస్కోను ఎంచుకోవడం తప్పని నేననను. ఒక రాగం ఎందుకు ఏడుస్తుందో, ఒక పదబంధం ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పగలిగిన గురువు ఎనెస్కో. వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి ఎలా పనిచేస్తాయన్న సంగతి మాత్రం ఆ ఇంట్లో పెద్దగా చర్చకు రాలేదు. రావలసిన అవసరమూ అప్పుడు కనిపించలేదు.

అవసరం ఎలా కనిపిస్తుంది? 1916లో న్యూయార్కులో పుట్టి శాన్‌ఫ్రాన్సిస్కోలో పెరిగిన ఈ యూదుల పిల్లవాడు ఏడేళ్ళకే ఆ ఊరి సింఫొనీ వాద్యబృందంతో వేదిక ఎక్కాడు. పదకొండేళ్ళకు కార్నెగీ హాల్లో బీథోవెన్ కాన్చెర్టో వాయించాడు. ఆ రాత్రి తంతులు బిగించి శ్రుతి చేసుకునే బలం తన వేళ్ళకు లేక ఫిడేలును వాద్యబృందంలోని పెద్ద విద్వాంసుడి చేతికి అందించాడని చెబుతారు. శ్రుతి చేసుకోలేని ఆ చేతులు, మరుక్షణం బీథోవెన్‌ను నలభై ఏళ్ళు లోపల మోసుకు తిరిగినవాడిలా వాయించాయి. 1929లో, పదమూడు నిండకముందే, బెర్లిన్‌లో బ్రూనో వాల్టర్ సారథ్యంలో బాఖ్, బీథోవెన్, బ్రామ్స్ కాన్చెర్టోలు మూడూ ఒకే రాత్రి వినిపించాడు.

ఇక 1932 జూలై. ఆ వేసవి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే తరువాత జరిగినదంతా ఆ రెండు రోజులతో పోల్చి చూడవలసి వచ్చింది.

ఎడ్వర్డ్ ఎల్గర్ ఫిడేలు కాన్చెర్టో 1910 నాటిది. తొలి ప్రదర్శనలో ఫిడేలు వాయించినది ఫ్రిట్జ్ క్రైస్లర్. ఒంటరి ఫిడేలు ఒకవైపు, నిండు వాద్యబృందం ఒకవైపు, మధ్యలో ఇంచుమించు యాభై నిమిషాల సంభాషణ. హెచ్‌ఎంవి కంపెనీ ఎంత కోరుకున్నా క్రైస్లర్ దాన్ని రికార్డు చెయ్యలేదు. 1929లో ఆల్బర్ట్ సామన్స్ చేసిన రికార్డు చాలా మంచిది; ఇప్పటికీ దాన్నే ముందు పెట్టే రసికులున్నారు. అయినా కంపెనీలో ఫ్రెడ్ గైస్‌బర్గ్‌కి మరో ఆలోచన ఉంది. 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతును మైనంలో పట్టిన గైస్‌బర్గే ఈయన. స్వరకర్త బతికుండగానే, ఆయన సారథ్యంలోనే, ఒక యువకుడి చేత వాయింపించాలి అనుకున్నాడు.

ఎల్గర్‌కి అప్పటికి డెబ్భై అయిదేళ్ళు. 1920లో భార్య పోయింది. ఆ తరువాత పెద్ద రచన ఏదీ పూర్తికాలేదు. యుద్ధానికి ముందటి ఆయన వైభవం కొత్త తరానికి పాతబట్టల వాసన వేస్తోంది. ఎదురుగా పదహారేళ్ళ మెనూహిన్. రిహార్సల్ కోసం కలిసినప్పుడు, పియానో తోడుగా కుర్రవాడు కొంచెం వాయించగానే ఎల్గర్ ఆపి, ఇంక చెప్పవలసింది ఏమీ లేదంటూ గుర్రప్పందాలు చూడడానికి వెళ్ళిపోయాడట. ఇది మెనూహిన్ చెప్పిన కథ. ఆ పియానో విద్వాంసుడి జ్ఞాపకం మరోలా ఉంది. ఏది నిజమైనా, రికార్డు మన చేతిలో ఉంది.

జూలై 14, 15 తేదీల్లో అబీ రోడ్ స్టూడియోలో, లండన్ సింఫొనీ వాద్యబృందంతో పని జరిగింది. ఎనిమిది నెలల కిందట ఆ స్టూడియోను ప్రారంభించినది కూడా ఎల్గరే. ఆ కాలపు రికార్డుకు ఒక వైపు నాలుగైదు నిమిషాలు మించి పట్టదు. ముక్కలు కత్తిరించి అతికించే సదుపాయం లేదు. ఒక్క స్వరం జారితే ఆ వైపు మొత్తం మళ్ళీ వాయించాలి. యాభై నిమిషాల సంగీతాన్ని అలా నాలుగేసి నిమిషాలుగా తెంపి వాయిస్తూ, తెంపిన జాడ తెలియనివ్వకపోవడమే ఒక విద్య. మెనూహిన్ వాయింపులో ఎక్కడా భయం లేదు. రెండో భాగంలో కమాను తంతి మీద పెట్టినట్టు తెలియదు, తీసినట్టు తెలియదు. మూడో భాగం చివర ఎల్గర్ రాసిన కడెన్జా వస్తుంది. మామూలుగా కడెన్జా అంటే వాద్యబృందం మౌనంగా ఉండి విద్వాంసుడికి తన నైపుణ్యం చూపించుకునే చోటు వదిలిపెట్టడం. ఎల్గర్ అలా వదల్లేదు. వెనక తంతివాద్యాలను వేళ్ళతో సన్నగా మోగిస్తూ ఉండమన్నాడు. ఆ మోత మీద ఫిడేలు, అంతకుముందు గడిచిన రాగాలన్నిటినీ ఒక్కొక్కటిగా తలుచుకుంటుంది. పదహారేళ్ళవాడికి తలుచుకోవడానికి ఏముంటుంది? అయినా తలుచుకున్నాడు. ఎలాగో నాకు అంతుపట్టదు.

ఆయనకూ అంతుపట్టలేదు. విషాదం అక్కడే మొదలైంది.

1935లో ప్రపంచమంతా తిరుగుతూ వందకు పైగా కచేరీలు చేశాక, ఒక ఏడాది పైచిలుకు కాలిఫోర్నియాలో విశ్రాంతి తీసుకున్నారు. ఇరవై ఏళ్ళ వయసు. పిల్లతనం పోయింది. తీరిక దొరికింది. అప్పుడు, ఇంతవరకూ ఎన్నడూ వేసుకోని ప్రశ్న వేసుకున్నారు: నేనిది ఎలా చేస్తున్నాను? జవాబు దొరకలేదు. పరశురాముడి శాపంతో కర్ణుడికి కావలసిన వేళకు అస్త్రమంత్రం గుర్తు రాలేదంటారు. మెనూహిన్‌ను ఎవరూ శపించలేదు. ఆయన మంత్రాన్ని ఎన్నడూ అక్షరాలుగా విడదీసి నేర్చుకోలేదు, అంతే. విడదీసి చూడబోయిన రోజున అది చేతిలో నిలవలేదు.

ఫిడేలు వాయించేవాడి కుడిచెయ్యి విచిత్రమైనది. మన విద్వాంసులు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఫిడేలు తలను పాదం మీద ఆనిస్తారు. వాద్యానికి కింద నేల ఉంది. పాశ్చాత్య విద్వాంసుడు నిలబడి దవడకూ భుజానికీ మధ్య వాద్యాన్ని ఇరికించుకుంటాడు, కుడిచెయ్యి గంటల తరబడి గాలిలోనే ఉంటుంది. కమాను మొదట ఒక బరువు, కొసన ఒక బరువు. భుజం, మోచెయ్యి, మణికట్టు, చిటికెనవేలు ఆ బరువును క్షణక్షణం పంచుకోవాలి. వాటిలో ఏ ఒక్కటి బిగుసుకున్నా కమాను వణుకుతుంది. వేగంగా పోయే చోట దాన్ని దాచవచ్చు. నెమ్మదైన పొడుగు స్వరంలో దాచడానికి వీల్లేదు. మెనూహిన్ గొప్పతనమంతా నెమ్మదైన పొడుగు స్వరంలోనే ఉండేది.

తరువాత యుద్ధం. మిత్రదేశాల సైనికుల కోసం ఆయన అయిదు వందలకు పైగా కచేరీలు చేశారు, ఆసుపత్రుల్లో, శిబిరాల్లో, సాధకానికి వేళ చిక్కని ప్రయాణాల నడుమ. 1945 జూలైలో బెంజమిన్ బ్రిటన్ పియానో తోడుగా, నాజీలు నడిపిన బెల్సెన్ శిబిరంలో, చావు తప్పి మిగిలినవారి ముందు వాయించారు. ఆ కచేరీలు చెయ్యకుండా ఉండి చెయ్యిని కాపాడుకుని ఉండవలసిందని ఎవరనగలరు? నేను అనలేను. కానీ ఆ ఏళ్ళ మూల్యం ఆ చెయ్యే చెల్లించింది. తొలి వివాహమూ నిలవలేదు. 1947లో, నాజీల కాలంలోనూ జర్మనీ వదలని వాద్యబృంద సారథి ఫుర్ట్‌వెంగ్లర్‌తో కలిసి బెర్లిన్‌లో వాయించినందుకు తన జాతివారిలో ఎందరికో కోపం తెప్పించారు.

చెయ్యి సడలుతున్న ఈ కాలంలోనే ఆయన చేసిన మేలు ఒకటి మరిచిపోకూడదు. జబ్బుతో, డబ్బు చాలక న్యూయార్కులో ఉన్న బేలా బార్టోక్ చేత ఒంటరి ఫిడేలుకు సొనాటా రాయించి, 1944 నవంబరులో కార్నెగీ హాల్లో తొలిసారి వినిపించారు. మరుసటి ఏడాది బార్టోక్ చనిపోయాడు. బార్టోక్ రెండో కాన్చెర్టోను మెనూహిన్ మళ్ళీ మళ్ళీ రికార్డు చేశారు. 1953లో ఫుర్ట్‌వెంగ్లర్‌తో చేసినదానిలో అక్కడక్కడా గరుకుదనం వినిపిస్తుంది, కానీ ఆ సంగీతం గరుకును భరించగలదు. ఎల్గర్ భరించదు.

1951లో న్యూజిలాండ్‌లో ఒక వైద్యుడి గదిలో వేచి ఉండగా యోగాసనాల మీద చిన్న పుస్తకం చేతికి దొరికింది. మరుసటి ఏడాది నెహ్రూ ఆహ్వానం మీద భారతదేశం వచ్చారు. ప్రధాని నెహ్రూ ముందు శీర్షాసనం వేసి చూపించారు. బొంబాయిలో బి.కె.ఎస్. అయ్యంగార్ ఆయన్ని పడుకోబెట్టి శవాసనం వేయించగా ఒళ్ళెరగని నిద్రలోకి జారిపోయారు. అలసిన దేహం ఎన్నాళ్ళుగానో కోరుకున్నది అదే కాబోలు. 1954లో అయ్యంగార్‌కు బహూకరించిన చేతిగడియారం మీద, తనకు దొరికిన ఉత్తమ ఫిడేలు గురువు ఆయనేనని చెక్కించారు. దాన్ని మర్యాదగా తేలిగ్గా చదివేస్తారు చాలామంది. నాకది ఒక గొప్ప విద్వాంసుడి దీనమైన సాక్ష్యంగా తోస్తుంది. ఇజాయ్ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలవాడి కోసం పాతికేళ్ళు వెతికిన మనిషి రాయించిన మాట అది.

ఆ 1952 ప్రయాణంలోనే మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్ ఇంట ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలు విని ఆశ్చర్యపోయారని మన సంగీత లోకం గర్వంగా చెప్పుకుంటుంది. విజయనగరం సంగీత కళాశాలలో దశాబ్దాలు పాఠం చెప్పిన నాయుడుగారి కమాను ఎంత నిబ్బరమైనదో విన్నవారికి తెలుసు. ఎదుటివాడి కుడిచేతిలోని ఆ నిబ్బరాన్ని మెనూహిన్ ఏ కళ్ళతో చూశారో ఊహించుకుంటే గుండె బరువెక్కుతుంది.

యోగం కొంత తిరిగి ఇచ్చింది. కొన్ని సాయంకాలాలు పాత మెనూహిన్ దిగివచ్చేవాడని విన్నవారు రాశారు. మరికొన్ని సాయంకాలాలు రాలేదు. వస్తాడో రాడో ముందుగా తెలియకుండా నిండిన సభ ముందు నిలబడడం ఆయనకు దశాబ్దాల తరబడి వృత్తి అయింది.

1965లో, నలభై తొమ్మిదేళ్ళ వయసులో, ఏడ్రియన్ బోల్ట్ సారథ్యంలో న్యూ ఫిల్‌హార్మోనియా వాద్యబృందంతో ఎల్గర్ కాన్చెర్టోను మళ్ళీ రికార్డు చేశారు. ఇప్పుడు టేపు ఉంది, స్టీరియో ఉంది, జారిన చోటును దిద్దుకునే వీలుంది. ధ్వని అందంగా ఉంది, బోల్ట్ వెనక కొండంత అండగా ఉన్నాడు. ఫిడేలు మాత్రం మొదటి భాగంలోనే కష్టపడుతుంది. పై స్థాయికి వెళ్ళినప్పుడు నాదం పలచబడుతుంది, శ్రుతి అంచున నిలబడుతుంది. పాత రికార్డులో ఆలోచన లేకుండా దొరికిన చోటల్లా ఇక్కడ ఆలోచన వినిపిస్తుంది. ఏ స్వరం ఎందుకు ఉందో ఇప్పుడాయనకు పూర్తిగా తెలుసు. ఈ రెండు రికార్డుల్లో గొప్పది పాతదే. ప్రేమ కొద్దీ మరో మాట చెప్పలేను.

కడెన్జా దగ్గర మాత్రం నా తీర్పు తడబడుతుంది. తంతుల మోత మీద ఫిడేలు గడిచిన రాగాలను తలుచుకోవడం మొదలుపెట్టగానే, కమాను తొట్రుపాటు తప్పులా అనిపించడం మానేస్తుంది. 1932లో కుర్రవాడు వాయించిన జ్ఞాపకాలు ఎల్గర్‌వి. ఇక్కడ వాయిస్తున్నవి మెనూహిన్‌వి.