కాలిగరి నుంచి కాసాబ్లాంకా వరకు: ప్రవాస నటుడు కాన్రాడ్ వైడ్ట్

నిద్రలో నడిచే యువకుణ్ణి వశపరచుకొని, అతనిచేత హత్యలు చేయించే వైద్యుని కథ ‘ది క్యాబినెట్ ఆఫ్ డాక్టర్ కాలిగరి’. 1920లో బెర్లిన్‌లో విడుదలైన ఈ మూకీ చిత్రంలో వెర్నర్ క్రౌస్ వైద్యునిగా, కాన్రాడ్ వైడ్ట్ ఆజ్ఞాబద్ధుడైన సెజారేగా నటించారు. నిరంకుశత్వానికి లొంగిపోయే జర్మన్ మనస్తత్వానికి ఈ చిత్రం పూర్వసూచన అని సీగ్‌ఫ్రీడ్ క్రకావర్ 1947లో వ్యాఖ్యానించాడు. అయితే ఆ ఇద్దరు నటుల జీవితాలు కథను తలకిందులు చేశాయి. ఆజ్ఞకు లొంగిన పాత్రధారి దేశం విడిచాడు; ఆజ్ఞాపించిన పాత్రధారి అక్కడే ఉండిపోయాడు.

1893లో బెర్లిన్‌లో జన్మించిన వైడ్ట్ మాక్స్ రైన్‌హార్ట్ నాటకశాలలో శిక్షణ పొందాడు. స్వలింగ ప్రేమను నేరంగా పరిగణించే చట్టాన్ని ప్రశ్నించిన రిచర్డ్ ఓస్వాల్డ్ చిత్రంలో 1919లోనే ప్రధానపాత్ర ధరించడం సాహసమే. 1921లో ‘దస్ ఇండిషే గ్రాబ్‌మాల్’లో భారతీయ మహారాజుగా కనిపించాడు, అది యూరప్ ఊహించుకున్న భారతదేశమే తప్ప మనకు తెలిసినది కాదు. 1928 నాటి ‘ది మ్యాన్ హూ లాఫ్స్’ హాలీవుడ్‌లో పేరు తెచ్చినా, టాకీల రాకతో జర్మన్ యాస అడ్డుపడి స్వదేశానికి మరలాడు.

1933లో నాజీలు అధికారానికి వచ్చాక చిత్రరంగంలోని వారు తమ జాతిని ప్రకటించవలసి వచ్చింది. వైడ్ట్ యూదుడు కాడు. భార్య ఇలోనా ప్రాగర్ యూదు వంశీయురాలు. అతడు ఆ పత్రంలో తననూ యూదునిగానే రాసుకున్నాడని జీవితచరిత్రకారులు పేర్కొన్నారు. దంపతులు ఇంగ్లండుకు తరలిపోయారు. అక్కడ 1934లో, ఫాయిష్ట్‌వాంగర్ నవల ఆధారంగా వచ్చిన ‘జ్యూ సూస్’లో ఉరికంబమెక్కిన యూదు ఆస్థానాధికారిని సానుభూతితో పోషించాడు. అదే చారిత్రక వ్యక్తిపై 1940లో ఫైట్ హర్లాన్ జర్మనీలో యూదు ద్వేషాన్ని రెచ్చగొట్టే చిత్రం తీశాడు. అందులో పలు యూదు పాత్రలు ధరించినవాడు క్రౌస్.

1939లో బ్రిటిష్ పౌరసత్వం పొందిన వైడ్ట్, మైసూరు మావటి కుమారుడు సాబూతో ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’లో నటించి అమెరికా చేరాడు. యాస వల్లనే ప్రతినాయక పాత్రలకు పరిమితమయ్యాడన్న అభిప్రాయం సగమే నిజం. యాస అవకాశాలను కుదించింది; కాని ఆ పాత్రలకు సానుభూతి దక్కనీయకపోవడం అతని నిశ్చయం. 1942 నాటి ‘నాజీ ఏజెంట్’లో నాజీ అధికారి, అతణ్ణి వ్యతిరేకించే కవల సోదరుడు, ఇద్దరూ అతడే. ‘కాసాబ్లాంకా’లోని మేజర్ స్ట్రాసర్ సాధారణంగా గొంతు పెంచడు, అతని మర్యాదలోంచే భయం పుడుతుంది. పీటర్ లోరె సహా ఆ తారాగణంలో పలువురు నాజీల బారినుంచి తప్పించుకున్నవారే. వైడ్ట్ తన ఆర్జనలో గణనీయ భాగాన్ని బ్రిటిష్ యుద్ధసహాయానికి ఇచ్చాడు.

1943 ఏప్రిల్ 3న లాస్ ఏంజెలెస్‌లో గోల్ఫ్ ఆడుతూ గుండెపోటుతో మరణించాడు. అప్పటికి వయసు 50. యుద్ధం ముగియడానికి ఇంకా రెండేళ్లుంది. క్రౌస్ యుద్ధానంతర విచారణలను ఎదుర్కొని తిరిగి రంగస్థలమెక్కాడు. జర్మన్ భాషా నటులలో అగ్రగణ్యునికి దక్కే ఇఫ్లాండ్ ఉంగరం 1954లో అతనికే లభించింది.