బొగ్గుబాయి నేర్పిన దేహధర్మం

గోలేటి ఎండాకాలం ఎట్లా వుంటుందో మన సభ్యులకు చెప్పనక్కరలేదు. బాయిలోకి దిగినవారికి ఉక్క, ఓపెన్‌కాస్టు మీద పనిచేసేవారికి నిప్పుల ఎండ. డ్యూటీ దిగి వచ్చిన మనిషి దూప తీరేదాకా నీళ్ళు తాగి పడుకున్నా, నడిరాత్రి పిక్కలు పట్టేసి మంచం మీద మెలికలు తిరగడం మన ఇళ్ళల్లో చూసినదే. "నరం పట్టింది" అని నూనె రాస్తాము. ఆ నొప్పికి అసలు కారణం ఏమిటో లోకానికి తెలిసింది కూడా బొగ్గుబాయిలలోనే. ఆ చరిత్ర మన పిల్లలు తెలుసుకోదగ్గది.

శరీరం సమతూకంలో వుంటేనే ఆరోగ్యం అనే మాట కొత్తది కాదు. మన పెద్దలు హకీముల వద్ద విన్న 'మిజాజ్' అన్న మాటలో వున్నది అదే. ఖూన్, బల్గమ్, సఫ్రా, సౌదా అనే నాలుగు రసాల లెక్క నేటి శాస్త్రం ముందు నిలవలేదు గాని, తూకం అన్న ఆలోచన నిలిచింది. ఆ పాత వైద్యులు గ్రంథాలను గుడ్డిగా నమ్మారనుకోవడం కూడా పొరపాటే. 1288లో కైరోలో మరణించిన ఇబ్న్ అల్ నఫీస్, గాలెన్ చెప్పినదాన్ని కాదని, గుండె కుడి గది నుంచి రక్తం ఊపిరితిత్తులలోకి పోయి, అక్కడినుంచి ఎడమ గదికి వస్తుందని రాశాడు. ఆ వ్రాతప్రతి బెర్లిన్ గ్రంథాలయంలో 1924లో ఒక ఈజిప్టు వైద్యుని కంటబడే దాకా లోకం దాన్ని మరచిపోయింది.

కణాలు కలిసి కణజాలం, కణజాలాలు కలిసి అవయవం, అవయవాలు కలిసి ఒక వ్యవస్థ. పాఠశాలలో చదివినదే. అయితే ఈ కణాలన్నీ బతికేది బయటి గాలిలో కాదు, లోపలి ద్రవంలో అని ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ (1813–1878) చెప్పాడు. బయట ఎండైనా చలైనా ఆ లోపలి లోకం మారకూడదు. వేడి 37 డిగ్రీల దగ్గర, రక్తంలో ఆమ్ల క్షారాల లెక్క 7.35 – 7.45 మధ్య వుండాలి. ఈ నిలకడకు 1926లో 'హోమియోస్టాసిస్' అని పేరు పెట్టినవాడు హార్వర్డు వైద్య కళాశాల ఆచార్యుడు వాల్టర్ కానన్.

ఇక మన బాయిల సంగతికి వద్దాము. సింగరేణి బొగ్గు 1889లో ఇల్లందు వైపున తవ్వడం మొదలైన కొద్ది ఏళ్ళకే, బ్రిటన్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ గని ప్రమాదాలలో పోయిన వారి దేహాలను పరీక్షించాడు. పేలుళ్ళలో ఎక్కువమంది కాలి చనిపోలేదని, కార్బన్ మోనాక్సైడ్ విషం వల్ల చనిపోయారని 1896లో నివేదిక ఇచ్చాడు. ఆ విషవాయువును తానే పీల్చి చూసుకున్న మొండివాడాయన. చిన్న ప్రాణి తొందరగా తూలిపోతుంది గనుక గనుల్లోకి చిన్న జంతువులను తీసుకుపొమ్మన్న సలహా ఆయనదే. కానరీ పిట్టలు అట్లా బాయి దిగి, బ్రిటన్‌లో 1986 దాకా డ్యూటీ చేశాయి!

1905లో హాల్డేన్, ప్రీస్ట్‌లీ కలిసి మరో సంగతి తేల్చారు. మామూలుగా మన ఊపిరి వేగాన్ని నిర్ణయించేది ఆక్సిజన్ కొరత కాదు, పేరుకునే కార్బన్ డయాక్సైడ్. అది రవ్వంత పెరిగినా మెదడు కనిపెట్టి శ్వాస పెంచుతుంది. అదే ఏడు హాల్డేన్ వేడి గురించీ రాశాడు. గాలి ఆడనిచోట తడిబట్ట చుట్టిన ధర్మామీటరు 31 డిగ్రీలు దాటితే, ఊరికే కూర్చున్న మనిషికి కూడా ఒళ్ళు వేడెక్కుతుంది. చెమట కారుతుంది గాని ఆరదు. ఆరని చెమట చల్లబరచదు. బాయిలో ఫ్యాను గాలి ఆగితే ప్రాణం ఎందుకు విలవిలలాడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

పిక్కలు పట్టే రహస్యం 1923లో నెవిల్ మాస్ విప్పాడు. లోతైన వేడి గనుల్లో చెమటతో నీరే కాదు, ఉప్పు కూడా పోతుంది. కార్మికుడు పోయిన నీటిని మాత్రం తాగి పూడ్చుకుంటాడు. అప్పుడు రక్తంలో ఉప్పు పలుచబడి కండరాలు పట్టేస్తాయి. తాగే నీళ్ళలో కాస్త ఉప్పు కలిపిస్తే నొప్పులు తగ్గాయి.

ఈ కథలో మన తెలుగువాడు కూడా వున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, కానన్ పనిచేస్తున్న హార్వర్డు వైద్య కళాశాలలోనే, ఫిస్క్‌తో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ కనుగొన్నాడు. తట్ట ఎత్తిన మొదటి క్షణాలలో కండకు బలం అందించే నిల్వ అదే.

మొన్నటి ఎండాకాలం మనవాళ్ళు పెట్టిన చలివేంద్రంలో రెండు రంజన్ల నీళ్ళ పక్కన ఉప్పు వేసిన మజ్జిగ కుండ కూడా పెట్టాము. ఒక పెద్దాయన "నీళ్ళుండగా ఇదెందుకు బేటా?" అని అడిగారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాము, ఈ వ్యాసం రాయడానికి అదొక కారణం. బి.పి., కిడ్నీ జబ్బు వున్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఉప్పు పెంచరాదు. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు కొలత వేరు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ చదునుగా కొలిచి వేయాలి. పేగుల్లో ఉప్పును లోపలికి లాక్కుపోయేది పంచదారే. ఉప్పు ఎక్కువైతే పిల్లకు చేటు. ఆ పెద్దాయన మాత్రం ఆ రోజు రెండు గ్లాసుల మజ్జిగ తాగి, మూడోది తన మనవడికి పట్టుకుపోయారు.